పల్లవి ముందుకొచ్చాక: ఒక తెలుగు బ్యాండ్ రెండో సింగిల్ కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి బ్యాండ్ వాళ్ల అనుమతి తీసుకున్నాను. వాళ్ల పేర్లు, ఊరు, కాలేజీ, పాట మాటలు, విడుదలైన నెల ఇక్కడ ఉండవు. ఎవరో గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను. రికార్డింగ్‌లో తీసుకున్న నిర్ణయాలను మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను. ఈ కేసులో పదిమందికి పనికొచ్చే భాగం అదే.

సినిమాతో సంబంధం లేకుండా తెలుగులో సొంత పాటలు చేసే బ్యాండ్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. మొదటి పాట అంతంతమాత్రంగా పోయాక రికార్డింగ్ సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: ఉన్న కాస్త డబ్బు మిక్సింగ్ మీద పెట్టాలా, వీడియో మీద పెట్టాలా, ప్రమోషన్ మీద పెట్టాలా అని. ఈ బ్యాండ్ కూడా అదే అడిగింది. చివరికి వాళ్ల డబ్బులో పెద్ద భాగం ఒక పూట పెద్ద గది అద్దెకి పోయింది. అక్కడికి ఎలా చేరామన్నదే ఈ కథ.

నేపథ్యం

బ్యాండ్‌లో ఐదుగురు. కోస్తా వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కలిశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాల్లో కెఫేల్లోనూ కాలేజీ ఫెస్టుల్లోనూ వాయిస్తున్నారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి పాడతారు. గిటార్ కూడా ఆ అబ్బాయిదే. మిగతా ముగ్గురిదీ బేస్, కీబోర్డ్, డ్రమ్స్. మాటలు అమ్మాయి రాస్తుంది, ట్యూన్ ఎక్కువగా అబ్బాయి కడతాడు.

మొదటి సింగిల్‌ని (ఆల్బమ్ కాకుండా విడిగా విడుదల చేసే ఒక్క పాటని) కీబోర్డ్ అబ్బాయి గదిలోనే లాప్‌టాప్ మీద చేసుకున్నారు. వినడానికి బాగానే ఉంది. స్నేహితులు విన్నారు, వాళ్ల స్నేహితులు విన్నారు, అక్కడితో ఆగింది. పైగా అది వచ్చిన శుక్రవారమే ఒక పెద్ద సినిమా లిరికల్ వీడియో వచ్చి అందరి ఫోన్లలోకీ ఎక్కేసింది. కొత్త పాటల్ని శుక్రవారం విడుదల చేయడం 2015 జూలై నుంచి ప్రపంచమంతా అలవాటు. మన సినిమా పాటలు మాత్రం ఏ రోజైనా రావచ్చు. ఇక్కడ సొంత పాట చేసేవాళ్లు క్యాలెండర్‌తో పాటు సినిమా వార్తలు కూడా చూసుకోక తప్పదు.

నా దగ్గరికి తెచ్చిన సమస్య

రెండో సింగిల్ పూర్తిగా తయారుచేసుకునే వచ్చారు. మిక్స్ అయిపోయింది, కవర్ బొమ్మ కూడా గీయించారు. విడుదల చేసే ధైర్యం చాలక ఆగారు. కారణం అడిగితే అమ్మాయి చెప్పిన మాట నాకు బాగా పనికొచ్చింది. "స్టేజీ మీద ఇదే పాటకి జనం మాతో పాటు పాడతారండీ. రికార్డింగ్ వినిపిస్తే బాగుంది అంటారు. మళ్లీ పెట్టమని మాత్రం ఎవరూ అడగరు."

పాట విన్నాను. నిమిషానికి 76 బీట్ల నెమ్మది నడక. మొదట కీబోర్డ్ మీద పొడుగాటి స్వరాలు, తర్వాత చరణంలాంటి భాగం, పల్లవి వచ్చేసరికి ఒక నిమిషం దాటుతోంది. గొంతులు శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా తప్పు లేదు, ఎక్కడా ఊపూ లేదు.

ఇలాంటప్పుడు రెండు అనుమానాలు ఉంటాయి. పాటే బలహీనంగా ఉండి, స్టేజీ మీద మాత్రం వాళ్ల హుషారు వల్ల నడుస్తోందా? లేక పాటలో బలం ఉండి రికార్డింగ్ దాన్ని పోగొట్టిందా? మొదటిదైతే కొత్త పాట వెతుక్కోవాలి, రెండోదైతే మళ్లీ రికార్డ్ చేయాలి. రెండింటి ఖర్చూ వేరు, దారీ వేరు. అందుకే తేలికైన మరమ్మతుల నుంచి మొదలుపెట్టాం. వాటితో తగ్గితే అంత లోతుకి దిగాల్సిన పని ఉండదు.

చేసి చూసినవి

ముందు మిక్స్. వాళ్ల మాస్టర్, అంటే విడుదలకి సిద్ధం చేసిన ఆఖరి రూపం, చాలా గట్టిగా, మెల్లని శబ్దానికీ గట్టి శబ్దానికీ తేడా లేకుండా నలిపేసినట్టు ఉంది. గట్టిగా ఉంటే పక్క పాటల కంటే ముందు వినపడుతుందని ఎవరో చెప్పారట. స్పాటిఫై లాంటి యాప్‌లు మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) చుట్టుపక్కలకి తెచ్చి వినిపిస్తాయి. గట్టిగా చేసి పంపిన పాటని అది తగ్గించేస్తుంది. నలిగిన నలుగుడు మాత్రం పాటలోనే ఉండిపోతుంది. కాబట్టి ఆ ఒత్తిడి తీసేసి, గొంతులు ముందుకి తెచ్చి, గిటార్ వినపడేలా చేశాం. శుభ్రపడింది కానీ ఊపు రాలేదు.

తర్వాత డ్రమ్స్. ఆ మిక్స్‌లో ఉన్నవి ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్. వాళ్ల డ్రమ్మర్‌కి స్టూడియో అనుభవం లేదు కాబట్టి అలా చేసుకున్నారు. సినిమా పాటలకి వాయించే ఒక సీనియర్‌ని పిలిపించాం. ఆయన వచ్చి, ఒకసారి విని, గడియారం లెక్కన వాయించి వెళ్లారు. విన్నవాళ్లందరికీ వాయిద్యం నచ్చింది. పాట మాత్రం కదల్లేదు. ఇందులో ఆయన లోపం ఏమీ లేదు. 76 బీట్ల క్లిక్ (వేగం తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ శబ్దం) ఇచ్చి వాయించమన్నాం, దాని మీద అంతకంటే బాగా ఎవరూ వాయించలేరు.

ఈ దశలో బ్యాండ్‌లో టెన్షన్ మొదలైంది. డ్రమ్మర్ రిహార్సల్‌కి రావడం తగ్గించాడు. ఇది రికార్డింగ్ విషయం కాదనిపించవచ్చు, కానీ ఐదుగురి బ్యాండ్‌లో ఒకరిని పక్కనపెట్టి వేరేవాళ్లతో వాయిస్తే దాని ధర లెక్కలోకి రావాల్సిందే. ఆ రోజే అతనితో విడిగా కూర్చుని, ఇది తాత్కాలిక పరీక్ష అని, తుది రికార్డింగ్‌లో ఎవరు వాయించాలో ఇంకా తేలలేదని స్పష్టంగా చెప్పాను.

బయటి పాటతో పరీక్ష

ఇదే సమయంలో వాళ్లకి ఇంకో అవకాశం వచ్చింది. పేరున్న ఒక సంగీత దర్శకుడి దగ్గర సహాయకుడిగా చేసే ఆయన, ఒక తయారు పాట ఇస్తానన్నారు. పల్లవి ఒక్కసారి వింటే నోటికి వచ్చేసే రకం. బ్యాండ్‌కి ఇష్టం లేదు. సొంత పాటల బ్యాండ్ అని చెప్పుకుని రెండో పాటకే వేరేవాళ్ల ట్యూన్ పాడటం ఏంటని వాళ్ల బాధ.

వాళ్ల బాధ న్యాయమే. అయినా, విడుదల చేసే ఒప్పందం ఏమీ లేకుండా, ఆయన అనుమతితోనే, ఆ పాటని ఒకసారి రికార్డ్ చేసి చూద్దామన్నాను. దీని వెనక నా లెక్క వేరు. ఆ పాట బలమైనదని అందరం ఒప్పుకున్నాం. సొంత పాట చేసినట్టే, అదే పద్ధతిలో, ఒక్కొక్కరూ విడివిడిగా వచ్చి పొరలు పొరలుగా రికార్డ్ చేస్తే అది కూడా చప్పగా వచ్చిందనుకోండి, లోపం పాటది కాదని తేలిపోతుంది. బాగా వస్తే వాళ్ల సొంత పాట గురించి మనసు గట్టి చేసుకోవాల్సి వస్తుంది.

చప్పగానే వచ్చింది. ఒక్కసారి వింటే నోటికొచ్చే పల్లవి కూడా వీళ్ల రికార్డింగ్‌లో లిఫ్టులో వినపడే సంగీతంలా ఉంది. బ్యాండ్ మొహాలు చూస్తే నిరాశ. నాకు మాత్రం కేసు సగం తేలినట్టు అనిపించింది. పాటని అనుమానించడం అక్కడితో మానేశాం.

1962 నాటి ఒక కేసు

ఇక్కడ బ్యాండ్‌కి ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ రెండో సింగిల్ సంగతి చెప్పాను. మన కేసుకి అది దగ్గరగా ఉంది, అన్ని విషయాల్లోనూ కాకపోయినా.

లివర్‌పూల్ నుంచి వచ్చిన ఆ నలుగురి మొదటి సింగిల్ 'లవ్ మీ డూ' 1962 అక్టోబర్ 5న విడుదలై, బ్రిటన్‌లో రికార్డ్ రిటైలర్ పత్రిక చార్టులో 17వ స్థానం దాకా వచ్చి ఆగింది. అంతకుముందే సెప్టెంబర్‌లో నిర్మాత జార్జ్ మార్టిన్ వాళ్లకి బయటి పాట ఒకటి ఇచ్చాడు, మిచ్ ముర్రే రాసిన 'హౌ డూ యూ డూ ఇట్'. ఇష్టం లేకపోయినా సెప్టెంబర్ 4న రికార్డ్ చేశారు. అప్పట్లో అది విడుదల కాలేదు. అదే పాటని తర్వాత అదే ఊరి నుంచి వచ్చిన జెర్రీ అండ్ ద పేస్‌మేకర్స్ పాడితే 1963లో మొదటి స్థానానికి వెళ్లింది. అంటే మార్టిన్ చెవి తప్పు కాదు, పాటా తప్పు కాదు. ఆ పాట ఆ నలుగురిది కాదు, అంతే.

సెప్టెంబర్ 11న వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ వాయించే తీరు మీద నమ్మకం కుదరక ఆండీ వైట్ అనే సెషన్ డ్రమ్మర్‌ని పిలిచారు. ఆరోజు 'లవ్ మీ డూ'లో రింగో చేతికి టాంబరీన్ ఇచ్చారు. ఆ నలుగురిలో ఒకడైన జాన్ లెనన్ రాసిన 'ప్లీజ్ ప్లీజ్ మీ' కూడా అప్పుడే ప్రయత్నించారు. మొదట్లో ఆ పాట అమెరికా గాయకుడు రాయ్ ఆర్బిసన్ తరహాలో నెమ్మదిగా, దిగులుగా ఉండేది. వేగం పెంచమని మార్టిన్ సలహా. వాళ్లు ఆ పాటని మళ్లీ మలుచుకుని నవంబర్ 26న వచ్చారు. ఈసారి రింగోనే వాయించాడు. హార్మోనికా ఎత్తుగడతో, రెండు గొంతుల కలయికతో, రెండు నిమిషాల్లో అయిపోయే పాట. ఆరోజు పని ముగిశాక మార్టిన్, మీ మొదటి నంబర్ వన్ ఇదేనని వాళ్లతో అన్నాడు.

నేను ఈ కథ చెప్పగానే గిటార్ అబ్బాయి, "అయితే మనమూ వేగం పెంచేద్దామన్నా" అన్నాడు. లాప్‌టాప్‌లో 76ని 96 చేసి వినిపించాడు కూడా. పాట పరుగెత్తింది కానీ ప్రాణం రాలేదు. వాయించిన తీరు 76దే, దాన్ని కుదించాం అంతే. వేగం ఎంత ఉండాలి అన్న ప్రశ్నకి జవాబు ఎవరి చెవిలోనో లేదు. దాన్ని ఎక్కడ వెతకాలో ఆలోచించాం.

ఫోన్లలో ఉన్న జవాబు

స్టేజీ మీద పాట పనిచేస్తోందని అమ్మాయి మొదటి రోజే చెప్పింది. కాబట్టి స్టేజీ మీద పాటని ఎవరెవరు ఫోన్లో తీశారో వాళ్లందరి దగ్గర నుంచీ తెప్పించమన్నాను. చేతులు ఊగిపోయే వీడియోలు, గాలి శబ్దం, మధ్యలో ఎవరివో కబుర్లు. క్వాలిటీతో నాకు పనిలేదు. ఒక్కో వీడియోలో వేగం ఎంత, శ్రుతి ఎక్కడ, వరస ఏంటి, జనం ఎక్కడ గొంతు కలుపుతున్నారు అన్న నాలుగూ కాగితం మీద రాసుకుంటూ పోయాం.

పాత వీడియోల్లో వేగం 80 చుట్టూ ఉంది. ఏడాది గడిచేసరికి 94కి చేరింది. పల్లవి దగ్గర ఇంకో మూడు నాలుగు బీట్లు పెరుగుతోంది. ఎవరూ కావాలని పెంచలేదు. వాయించగా వాయించగా పాట తన నడక తానే వెతుక్కుంది.

శ్రుతి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. స్టేజీ మీద గిటార్ అబ్బాయి రెండో ఫ్రెట్‌లో కేపో (తీగల్ని నొక్కిపట్టి శ్రుతి పెంచే బిగింపు) పెట్టుకుని వాయిస్తున్నాడు, అంటే డి శ్రుతిలో కట్టిన ట్యూన్‌ని దానికి పైనున్న ఇ శ్రుతిలో పాడుతున్నారు. కింది శ్రుతిలో తన గొంతు పలకడం లేదని అమ్మాయి ఎప్పుడో అడిగితే పెట్టాడట. మరి రికార్డింగ్‌లో డి ఎందుకు? ట్యూన్ కట్టిన రాత్రి కీబోర్డ్ అబ్బాయి లాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ తెరిచి, డి అని, 76 అని పెట్టాడు. తర్వాత అందరూ దాని మీదే పాడారు, దాని మీదే వాయించారు. స్టేజీ మీద పాట ఎదిగింది, లాప్‌టాప్‌లో పుట్టినరోజు దగ్గరే ఆగిపోయింది. రికార్డ్ అయింది ఆ మొదటి రాత్రి పాటే.

వరస కూడా మారింది. స్టేజీ మీద కీబోర్డ్ స్వరాలతో మొదలుపెడితే జనం కబుర్లలో పడుతున్నారని, నేరుగా పల్లవితోనే ఎత్తుకోవడం అలవాటు చేసుకున్నారు. రికార్డింగ్‌లో మాత్రం ఇంగ్లిష్ పాటల పద్ధతిలో పల్లవిని దాచి ఉంచారు. తెలుగు శ్రోత చెవి పల్లవి ముందు రావడానికి అలవాటుపడింది. మన పాటల్ని మనం పల్లవి మొదటి మాటలతోనే గుర్తుపెట్టుకుంటాం, వాటితోనే అడుగుతాం. దీనికి ఇంకో లెక్క కూడా తోడైంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్, అంటే పాటని ఒకసారి విన్నట్టు లెక్క. పల్లవి నిమిషం తర్వాత వస్తే, లెక్కలోకి రాకముందే, పాట ఏంటో తెలియకముందే వేలు తర్వాతి పాట మీదకి వెళ్లిపోతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది మాటల సంగతి. అమ్మాయి మాట్లాడే తెలుగులో రాసింది. పల్లవి నిండా లఘువులే (పొట్టి అక్షరాలే), 'నిలిచి', 'పిలిచి' లాంటి మాటలు. నెమ్మది పాటలో ఇలాంటి మాటని స్వరాల మీద పరవాలంటే ఏదో ఒక అక్షరం సాగదీయక తప్పదు. సాగితే 'నీలిచి' అవుతుంది, లేదా 'నిలిచీ' అవుతుంది. సాధన ఉన్న గాయకులు గమకంతో దాన్ని కప్పేస్తారు. వీళ్లవి మామూలు గొంతులు, నేరుగా పాడే గొంతులు. 76లో ఆ పల్లవి పాడుతుంటే మాటలన్నీ ఊడి ఊడి వస్తున్నట్టు ఉంది. 95 దగ్గర అదే పల్లవి మాట్లాడినట్టు వస్తోంది. జనం గొంతు కలిపింది కూడా అందుకే. నోరు తిరిగిన మాటనే ఎవరైనా పాడతారు.

మళ్లీ రికార్డింగ్

పాత ప్రాజెక్ట్‌లోంచి ఒక్క ట్రాక్ కూడా తీసుకోవద్దని నిర్ణయించాం. కీబోర్డ్ అబ్బాయికి కష్టమనిపించింది, అతను దాని మీద చాలా రాత్రులు కూర్చున్నాడు. కానీ పాత ట్రాక్ ఒక్కటి ఉంచినా మిగతా నలుగురూ దానికి లోబడి వాయించాల్సి వస్తుంది.

ఐదుగురూ ఒకేసారి, ఒకరినొకరు చూసుకుంటూ వాయించాలి. నా గదిలో అది కుదరదు. పెద్ద లైవ్ రూమ్ ఉన్న స్టూడియోని ఒక పూటకి అద్దెకి తీసుకున్నాం. డ్రమ్స్ హాల్లో, చుట్టూ అడ్డు పలకలు. గిటార్ యాంప్ పక్క గదిలో. బేస్ యాంప్ లేకుండా నేరుగా డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె ద్వారా. పాడేవాళ్లిద్దరూ అద్దం వెనక ఒకే బూత్‌లో ఎదురెదురుగా. ఒకరి మైక్ వెనక వైపు ఇంకొకరి గొంతుకి తిరిగేలా పెడితే ఒకరి గొంతు ఇంకొకరి మైక్‌లో తక్కువగా పడుతుంది. తక్కువగానే, పూర్తిగా పోదు. అంటే తర్వాత ఒక్కొక్క గొంతునీ విడిగా శ్రుతి సరిదిద్దడం కష్టం. తెలిసే ఒప్పుకున్నాం. ఈ పాటకి ఇద్దరూ ఒకరి ఊపిరి ఇంకొకరు అందుకోవడం ముఖ్యం, గీత గీసినట్టున్న శ్రుతి కాదు.

క్లిక్ పెట్టాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నాం. పెట్టకపోతే రెండు టేకుల ముక్కలు అతికించడం కుదరదు. ఒకే వేగంతో పెడితే పల్లవి దగ్గర వాళ్లు సహజంగా తీసుకునే ఊపు పోతుంది. మధ్యేమార్గంగా టెంపో మ్యాప్ చేశాం, అంటే పాటలో ఒక్కో భాగానికి క్లిక్ వేగం మారేలా పెట్టాం. చరణానికి 94, పల్లవికి 97, ఆఖరి పల్లవికి 98. ఈ అంకెలు మేం ఊహించినవి కావు, ఫోన్ వీడియోల్లోంచి వచ్చినవే.

వాయించింది బ్యాండ్ డ్రమ్మరే. కారణం స్నేహం మాత్రమే కాదు. ఈ పల్లవి తాళం మొదటి దెబ్బ కంటే కొంచెం ముందే ఎత్తుకుంటుంది. సీనియర్ డ్రమ్మర్, ఎవరైనా చేసేట్టే, అక్కడ ఒక అందమైన రోల్ వేసి పల్లవిలోకి దించారు. వీళ్ల డ్రమ్మర్ అక్కడ వాయించకుండా ఆగుతాడు. ఆ ఖాళీలోనే పల్లవి మొదటి మాట పడుతుంది, స్పష్టంగా వినపడుతుంది. ఏడాది పాటు ఆ అమ్మాయి వెనక కూర్చుని వాయించినవాడికే తెలిసే విషయం అది.

మధ్యాహ్నానికి పాట కుదిరింది. తీసుకున్న టేకులో ఆఖరి పల్లవి దగ్గర అబ్బాయి గొంతు పై స్వరం మీద కాస్త చీలింది. ఇ శ్రుతిలో అది అతనికి ఎత్తే. సరిచేద్దామని అతను పట్టుబట్టాడు. వేరే టేకులోంచి ఆ ముక్క తెచ్చి అతికించి రెండూ పక్కపక్కన వినిపించాం. అతికించింది నీటుగా ఉంది, కానీ ఆ పాటలో మనిషి అడిగేది ఆ చీలికలోనే ఉంది. అందరం చీలికకే ఓటు వేశాం. 'ప్లీజ్ ప్లీజ్ మీ' స్టీరియో రూపంలో ఆఖరి చరణంలో లెనన్ మాటలు తప్పి, తర్వాత నవ్వు ఆపుకుంటూ పాడటం ఇప్పటికీ వినపడుతుంది. దాని వల్ల ఆ పాట ఏమీ చెడిపోలేదు.

విడుదల

ఇక్కడ త్వరగా చెబుతాను, ఎందుకంటే చేసినవి అందరికీ తెలిసినవే. కొత్త రికార్డింగ్ కాబట్టి కొత్త ఐఎస్ఆర్‌సీ (ఒక్కో రికార్డింగ్‌కి ఇచ్చే గుర్తింపు కోడ్). పాటని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి నెల ముందే పంపాం, ప్లేలిస్టుల్లో చేర్చమని కోరుతూ పిచ్ పెట్టాం. స్పాటిఫైలో కనీసం ఏడు రోజుల ముందు పిచ్ చేస్తే ఫాలోవర్ల రిలీజ్ రాడార్‌లో (కొత్త పాటల ప్లేలిస్టులో) పాట పడుతుంది. పెద్ద సినిమా పాటలు ఏవీ ప్రకటించని వారం చూసుకున్నాం. పాట పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా రాయాలన్నది మాత్రం కాస్త ఆలోచించాం. మన శ్రోతలు తెలుగు పాటని ఇంగ్లిష్ అక్షరాలతోనే వెతుకుతారు. దీర్ఘానికి ఒకరు రెండు 'ఏ'లు కొడతారు, ఒకరు ఒకటే. తెలిసినవాళ్లందరినీ పాట పేరు ఫోన్లో కొట్టమని అడిగి, ఎక్కువమంది కొట్టినట్టే పెట్టాం.

వీడియో విడిగా తీయలేదు. ఆ హాల్లో టేకు జరుగుతున్నప్పుడు ఫోన్‌తో తీసిందే. పల్లవితో మొదలయ్యే ముక్కని రీల్‌గా పెట్టారు.

ఒక ప్రమోషన్ ఏజెన్సీ వాళ్లు ఇన్ని వేల స్ట్రీమ్స్ గ్యారంటీ అని ప్యాకేజీతో వచ్చారు. బ్యాండ్‌కి ఆశ కలిగింది. ఏడాదిలో వెయ్యి స్ట్రీమ్స్ దాటని పాటకి స్పాటిఫైలో 2024 నుంచి రాయల్టీ రాదు కాబట్టి ఆ ఆశ అర్థం చేసుకోగలం. కానీ దొంగ స్ట్రీమ్స్ పట్టుబడితే తీసేస్తారు, మరీ ఎక్కువైతే డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా కూడా వేస్తారు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. పాట నిజంగా ఎవరికి, ఏ ఊళ్లో నచ్చుతోందో చెప్పే సమాచారమంతా ఆ దొంగ లెక్కల్లో కలిసిపోతుంది. ఈ దశలో బ్యాండ్‌కి డబ్బు కంటే అదే విలువైనది. వద్దన్నాం.

చార్టు

మొదటి వారం ఏమీ జరగలేదు. యాప్ వాళ్లే ఎంచి పెట్టే ఎడిటోరియల్ ప్లేలిస్టులో చోటు దొరకలేదు. స్ట్రీమ్స్ మొదటి సింగిల్ కంటే మెరుగు, అంతే.

రెండో వారం షజామ్‌లో (వినపడుతున్న పాట ఏదో చెప్పే యాప్‌లో) పాటని వెతకడం పెరిగింది. నేను దీన్ని చాలా జాగ్రత్తగా చూస్తాను. తెలిసిన పాటని ఎవరూ షజామ్ చేయరు. ఎక్కడో పాట వినపడి, ఇదేంటి అని ఫోన్ తీసినవాళ్ల లెక్క అది. ఎక్కడ వినపడుతోందని వెతికితే, వేరే ఊరి కాలేజీలో అమ్మాయిలు పల్లవి ముక్క మీద డాన్స్ చేసి పెట్టారు. బ్యాండ్‌లో ఎవరికీ వాళ్లు తెలియదు. అక్కడి నుంచి స్ట్రీమ్స్ కదిలి, ఒక యాప్‌లో నగరం చార్టులోకి, తర్వాత దాని పై సగంలోకి పాట వచ్చింది. చుట్టూ అన్నీ సినిమా పాటలే. ఏ యాప్, ఏ స్థానం అని రాస్తే పాట ఏదో తెలిసిపోతుంది కాబట్టి రాయను.

అదే సమయంలో ఇంకో యాప్ చార్టులో పాట అసలు లేదు. బ్యాండ్ కంగారుపడింది. దీనికీ ఆ పాత కేసే చెప్పాను. 'ప్లీజ్ ప్లీజ్ మీ' 1963 జనవరి 11న వచ్చింది. 19న టీవీలో 'థాంక్ యువర్ లక్కీ స్టార్స్' కార్యక్రమంలో వాళ్లు ఆ పాట పాడింది ప్రసారమైంది. బ్రిటన్‌లో ఆ చలికాలం దారుణమైన మంచు, జనం ఇళ్లలోనే ఉన్నారు. ఆ టీవీ అవకాశం ఇప్పించింది కొత్తగా దొరికిన పాటల పబ్లిషర్ డిక్ జేమ్స్. మొదటి పాటకి పబ్లిషర్లు సరిగా పనిచేయలేదని మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ మార్చేశాడు. పాట ఎన్ఎంఈ, మెలడీ మేకర్ పత్రికల చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. రికార్డ్ రిటైలర్‌లో రెండో స్థానం దగ్గరే ఆగింది. ఒక్కో పత్రిక ఒక్కో షాపుల జాబితా నుంచి లెక్కలు తెప్పించుకునేది మరి. తర్వాతి కాలంలో ఆ సంవత్సరాలకి రికార్డ్ రిటైలర్‌నే అధికారిక లెక్కగా తీసుకోవడంతో, చాలామంది నంబర్ వన్‌గా గుర్తుపెట్టుకున్న పాట అధికారిక జాబితాలో నంబర్ టూగా ఉండిపోయింది. అమెరికాలో క్యాపిటల్ అనే పెద్ద రికార్డు కంపెనీ వద్దంటే చికాగోలో వీజే అనే చిన్న కంపెనీ విడుదల చేసింది. 1963లో అక్కడ పెద్దగా కదల్లేదు. 1964లో మళ్లీ విడుదల చేస్తే అదే రికార్డింగ్ బిల్‌బోర్డ్‌లో మూడో స్థానానికి వెళ్లింది.

చార్టు అనేది ఎవరు, ఎక్కడి నుంచి లెక్కపెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే బ్యాండ్‌తో స్థానం గురించి మాట్లాడటం తగ్గించి, సేవ్ చేసుకున్నవాళ్లు ఎందరు, ఆఖరిదాకా విన్నవాళ్లు ఎందరు, ఏ ఊళ్ల నుంచి అన్నది చూడమన్నాను. ఆ డాన్స్ వీడియో వచ్చిన ఊళ్లోనే తర్వాతి షో పెట్టుకున్నారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఏ బ్యాండ్ వచ్చినా డెమో కంటే ముందు ఫోన్ వీడియోలు అడుగుతున్నాను. స్టేజీ మీద వాయించని పాట అయితే, కొన్నాళ్లు వాయించి రమ్మంటున్నాను. వీలుకాకపోతే కనీసం ప్రాజెక్ట్ ఫైల్‌లో మొదటి రోజు పెట్టిన వేగాన్నీ శ్రుతినీ పక్కనపెట్టి, అందరూ ఒక గదిలో కూర్చుని వాయించి మళ్లీ నిర్ణయించుకోమంటున్నాను. పల్లవిని ముందు మామూలుగా చదివించి, చదివిన వేగానికీ పాడిన వేగానికీ ఎంత తేడా ఉందో చూస్తున్నాను.

మాటల రచయిత వాటా ఎంత, ట్యూన్ వాటా ఎంత అన్నది రికార్డింగ్‌కి ముందే కాగితం మీద రాయించి, రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్‌లో నమోదు చేసుకోమని చెబుతున్నాను. ఈ బ్యాండ్‌లో పాట చార్టు ఎక్కాక ఆ మాట వచ్చింది. మంచి పిల్లలు కాబట్టి గొడవ లేకుండా తేలింది. అన్నిచోట్లా అలా ఉండదు.

ఈ పాట తర్వాత ఇంకో బ్యాండ్ నెమ్మది పాట పట్టుకుని వచ్చి, దీన్నీ అలాగే వేగం పెంచండి అన్నారు. వాళ్ల స్టేజీ వీడియోలు తెప్పించి చూశాను. ఏడాదిగా ఆ పాట నడక ఒక్క బీటు కూడా మారలేదు. మాటల్లో గురువులు (పొడుగు అక్షరాలు) ఎక్కువ, సాగినా చెడవు. జనం అందులో పాడరు, వింటారు. వాళ్ల పాటలో అసలు ఇబ్బంది చరణం రెండోసారి అచ్చం అలాగే రావడం. వేగం ముట్టుకోకుండా దాన్ని మార్చే పనిలో ఉన్నాం.